షాబ్డన్ కమానులు: రాళ్లను దాచారు, కప్పును వదిలేశారు

ఇంగ్లండ్ పడమటి అంచున, వేల్స్ సరిహద్దుకు దగ్గరగా, హెరెఫర్డ్‌షైర్‌లో షాబ్డన్ అనే చిన్న ఊరుంది. ఊరి చర్చికి ఉత్తరాన పచ్చిక మెట్ట మీద వరసగా మూడు రాతి కమానులు కనిపిస్తాయి. వాటి వెనక గది లేదు, పైన కప్పు లేదు. మధ్యలో ఉన్న పెద్ద కమాను ఒకప్పుడు చర్చి లోపలిది. బలిపీఠం ఉన్న భాగానికీ జనం చేరే హాలుకీ మధ్య నిలిచింది. అటూ ఇటూ ఉన్న రెండూ అదే చర్చి ద్వారాలు. ద్వారం తల మీద ఉండే అర్ధచంద్రాకారపు శిల్పఫలకాన్ని టింపనం అంటారు. అలాంటి ఫలకాలు రెండు ఆ గోడలోనే అమర్చి ఉన్నాయి. శిల్పం 12వ శతాబ్దానిది. మెట్ట మీదికి ఎక్కింది మాత్రం 1750ల్లో.

రాతి పరిరక్షణలో కొత్తగా చేరినవాళ్లకు నేను మొదట చెప్పే కేసుల్లో ఇదొకటి. మన పనిలో ఎదురయ్యే నష్టాలకు సాధారణంగా ఒక దోషి దొరుకుతాడు. దండయాత్ర, నిధుల కోసం తవ్విన దొంగ, జలాశయం, రోడ్డు వెడల్పు, పైన సిమెంటు పూసిన కాంట్రాక్టరు. షాబ్డన్‌లో అలాంటివాళ్లు లేరు. రాళ్లను విప్పారు, మోశారు, మళ్లీ నిలబెట్టారు. విలువైనవని తెలిసే చేశారు. అయినా శిల్పం కరిగిపోయింది. ఈ రోజు ఫలకం ముందు నిలబడితే మధ్యలో ఒక ఆకారం, చుట్టూ కొన్ని ఉబ్బులు కనిపిస్తాయి. ఆ ఉబ్బులు దేవదూతలని ముందే తెలిసినవాళ్లకే తెలుస్తుంది.

పాత చర్చి సంగతి మొదట చెప్పాలి, ఎందుకంటే పోయిందేమిటో తెలియకుండా నష్టాన్ని లెక్కకట్టలేం. విగ్‌మోర్ కోట ప్రభువు హ్యూ డి మోర్టిమర్ దగ్గర ఆలివర్ డి మెర్లిమండ్ అనే దివాను ఉండేవాడు. షాబ్డన్ ఊరిని ప్రభువు అతనికిచ్చాడు. అప్పటికి అక్కడున్నది సెయింట్ జూలియానా పేరిట ఒక చెక్క ప్రార్థనాలయం. ఆలివర్ దాని స్థానంలో రాతి చర్చి కట్టించడం మొదలుపెట్టి, పని సాగుతుండగానే స్పెయిన్‌లోని సాంటియాగో డి కంపోస్టెలాకు యాత్ర వెళ్లాడు. తిరిగొస్తూ పారిస్‌లో సెయింట్ విక్టర్ మఠంలో బస చేశాడు. అక్కడి సన్యాసుల పద్ధతి నచ్చి, తర్వాత వాళ్లలో కొందరిని షాబ్డన్‌కు రప్పించాడు. ఈ కథంతా విగ్‌మోర్ మఠం చరిత్రగా ఆనాటి నార్మన్ ఫ్రెంచిలో రాసిపెట్టి ఉంది. చర్చిని ప్రతిష్ఠించింది హెరెఫర్డ్ బిషప్ రాబర్ట్ డి బెతూన్. ఆయన 1131 నుంచి 1148 దాకా ఆ పదవిలో ఉన్నాడు, కాబట్టి కట్టడం కాలం కూడా ఆ చుట్టుపక్కలే.

యాత్ర సంగతి ఊరికే చెప్పలేదు. సాంటియాగో దారి పశ్చిమ ఫ్రాన్స్ గుండా వెళ్తుంది. అక్కడి చర్చి ద్వారాల మీద కమాను రాయికొక బొమ్మ చొప్పున కేంద్రం నుంచి కిరణాల్లా పరిచిన శిల్పం ఉంటుంది. షాబ్డన్‌లోనూ, దాని తర్వాత ఆ జిల్లాలో కట్టిన చర్చిల్లోనూ ఆ పోలికలు కనిపిస్తాయి. దానికి ఉత్తర ఐరోపా అల్లిక పనితనం తోడైంది. స్తంభాల చుట్టూ మెలికలు తిరిగిన తీగలు, వాటిలో చిక్కుకున్న పక్షులు, బిగుతు దుస్తుల్లో ఉన్న యోధులు. కిల్పెక్, బ్రిన్సప్, రౌల్‌స్టన్ చర్చిలు, ఈర్డ్‌స్లీ, కాసిల్ ఫ్రోమ్ ఊళ్లలోని బాప్తిస్మపు రాతితొట్లు, ఇవన్నీ ఒకే శిల్పుల కూటమి పనిగా కళాచరిత్రకారులు చూస్తారు. ఆ కూటమి పనుల్లో షాబ్డన్ తొలినాటిది. అంటే మూలప్రతిలాంటిదే అన్నిటికంటే ఎక్కువ చెరిగిపోయింది.

ఇక 18వ శతాబ్దం. షాబ్డన్ ఎస్టేటు బేట్‌మన్ కుటుంబం చేతికొచ్చింది. రెండో వైకౌంట్ జాన్ బేట్‌మన్, అతని బంధువు రిచర్డ్ బేట్‌మన్ కలిసి 1752లో పాత చర్చిని తీసేసి కొత్తది మొదలుపెట్టారు. 1756కి పూర్తయింది. రిచర్డ్‌ది ఆనాటి ఇంగ్లిష్ రచయిత హొరేస్ వాల్పోల్ స్నేహితుల గుంపు. మొనదేలిన కమానులతో కట్టే గోతిక్ శైలిని సరదాగా, సున్నితంగా, మిఠాయిమీది చక్కెర పనిలా వాడే ఫ్యాషన్ వాళ్లది. కొత్త చర్చి లోపల అంతా తెలుపు, లేత నీలం. ఇంగ్లండ్‌లో ఆ శైలికి అంతకంటే మంచి ఉదాహరణ దొరకడం కష్టం. ఆ చర్చిని చూసి తిట్టుకుంటూ బయటికొచ్చే కళాచరిత్రకారుల మీద నాకు పెద్ద సానుభూతి లేదు. అది కూడా చూడదగ్గ కట్టడమే.

పాత చర్చిలో బురుజు ఒక్కటే ఉన్నచోట ఉంచారు. చెక్కడం ఉన్న కమానునూ, ద్వారాలనూ, ఫలకాలనూ విడిగా తీసి మెట్ట మీదికి చేర్చారు. మెట్టకు దారిగా చెట్ల వరస. ఎస్టేటు ఇంటి నుంచో, చర్చి నుంచో చూస్తే దారి చివర ఆకాశానికి ఎదురుగా పాత శిథిలం కనిపించాలి. ఆ కాలపు జమీందారుల తోటల్లో ఇలాంటి అలంకార శిథిలాలు మామూలే. లేనివాళ్లు కొత్తరాళ్లతో పాతగా కనిపించేటట్టు కట్టించుకునేవారు. బేట్‌మన్‌ల చేతిలో నిజంగానే పాతవి ఉన్నాయి. పైన గోతిక్ మొనలు తొడిగి నిలబెట్టారు.

వాళ్లను మూర్ఖులనడం తేలిక. ఆ రోజుల్లో ఇలాంటి 12వ శతాబ్దపు నార్మన్ కాలపు శిల్పాన్ని మోటుపనిగానే చూసేవారు. చర్చి పడగొట్టాక వచ్చిన రాయి కంచెగోడకో, కొట్టానికో పోయేది. 'ఇది ఉంచాలి' అని అనిపించడమే ఆ కాలానికి అరుదైన ఆలోచన. అయితే ఉంచడం అనే మాటకు వాళ్లు తీసుకున్న అర్థం కంటికి కనిపించేలా ఉంచడం. తేమ, చలి, రాయి పొర వాళ్ల లెక్కలో లేవు.

నష్టం ఎంతో చెప్పడానికి మన దగ్గర మూడు ఆధారాలున్నాయి. మొదటిది జార్జ్ రాబర్ట్ లూయిస్ 1852లో అచ్చువేసిన శిలాముద్రణ చిత్రాలు. అప్పటికి రాళ్లు ఆరుబయట నిలిచి వందేళ్లు. ఆ చిత్రాల్లో ఫలకాల మీది బొమ్మలు స్పష్టంగా ఉన్నాయి. ఒకదాంట్లో బాదంకాయ ఆకారపు చట్రంలో కూర్చున్న క్రీస్తు, చట్రాన్ని పట్టుకుని ఎగురుతున్న దేవదూతలు. రెండోదాంట్లో క్రీస్తు నరకంలోకి దిగి అక్కడున్నవాళ్లను చెయ్యిపట్టి బయటికి లాగుతున్న ఘట్టం. స్తంభాల అల్లికలు తీగతీగగా కనిపిస్తాయి. కానీ లూయిస్ గీతను కొలబద్దగా వాడేవాళ్లు ఒక్క జాగ్రత్త పాటించాలి. చర్చి శిల్పంలో ప్రతీకలు వెతకడం అతనికి మహా ఇష్టం. కిల్పెక్ మీద కూడా అలాగే రాశాడు. అర్థం కోసం వెతికే కన్ను అరిగిన గీతను కూడా పూర్తిచేసి చూస్తుంది. కాబట్టి అతని బొమ్మల్లో ఆకారాల అమరికను నమ్మొచ్చు, అంచుల పదునును మాత్రం కొంత తగ్గించి చదవాలి.

రెండోది ఇప్పుడు లేని ఆధారం. లండన్ దగ్గర సిడెన్‌హామ్‌లో 1854లో తెరిచిన క్రిస్టల్ ప్యాలెస్ ప్రదర్శన కోసం ఈ కమానులకు ప్లాస్టర్ అచ్చులు తీశారు. అవి మిగిలుంటే వందేళ్ల అరుగుదల తర్వాతి స్థితి మిల్లీమీటరుతో సహా మన చేతిలో ఉండేది. అవి మంటల్లో పోయాయి. అసలు వానకు కరిగితే, నకలు నిప్పుకు పోయింది. అచ్చు తీయడం గురించి ఒక పక్కమాట: ఆ రోజుల్లో ప్లాస్టర్ అచ్చు తీయాలంటే రాయికి నూనెలాంటిదేదో పూసి, ముక్కలుగా పోసి, ఊడదీసేవారు. పొడిపొడిగా ఉన్న ఇసుకరాయికి ఆ పని చేస్తే అచ్చుతోపాటు పైపొర కూడా రావొచ్చు. అందుకే ఈ రోజు ఎవరైనా సిలికాన్ అచ్చు తీద్దామన్నా నేను ముందు పైపొర గట్టితనం చూడమంటాను. కెమెరాతో, లేజరుతో పని జరిగేచోట చెయ్యి తగలకపోవడమే మేలు.

మూడోది తోబుట్టువుల సాక్ష్యం. రోగనిర్ధారణలో నేను ఎక్కువగా ఆధారపడేది దీనిమీదే. ఈర్డ్‌స్లీ తొట్టిని తీసుకోండి. అదే శిల్పుల కూటమి, ఇంచుమించు అదే కాలం, ఇసుకరాయే. దాని మీదా క్రీస్తు ఒక మనిషిని చెయ్యిపట్టి నరకంనుంచి లాగే ఘట్టం ఉంది. మెలికల తీగల్లో ఇద్దరు యోధులు పోరాడుతుంటారు. దుస్తుల మడతల గీతలు ఈ రోజుకీ వేలితో లెక్కపెట్టొచ్చు. అది తొమ్మిది వందల ఏళ్లుగా చర్చి కప్పు కింద ఉంది. షాబ్డన్ మధ్య కమాను కూడా సుమారు ఆరొందల ఏళ్లు అలాగే కప్పు కింద ఉంది. తేడా తర్వాతి రెండొందల డెబ్బై ఏళ్లది.

ఇక్కడ ఆగి, 'వాన తడిపింది, అంతే' అని రాసేస్తే కేసు ముగిసినట్టే. కానీ కిల్పెక్ ఆ నిర్ధారణకు అడ్డొస్తుంది. కిల్పెక్ చర్చి గోడల చుట్టూ, చూరు కింద రాతి తలలు బారులు తీరి ఉంటాయి. కుక్క, కుందేలు, వింత మొహాలు. ఎనభై అయిదు దాకా మిగిలాయి. తొమ్మిది శతాబ్దాలుగా అవి గోడ బయటే ఉన్నాయి. అయినా చాలామటుకు చెక్కుచెదరలేదు.  అదే జిల్లా, అదే వాతావరణం, అదే శిల్పుల సంప్రదాయం. మరి షాబ్డన్‌లో ఏమైనట్టు?

రాయి రకంలో తేడా ఉంది, సందేహం లేదు. కిల్పెక్ రాయి గట్టిది, షాబ్డన్‌ది మెత్తన. ఇసుకరాయి అంటే ఇసుక రేణువులను ఏదో ఒక జిగురు పట్టుకుని ఉండటమే. ఆ జిగురు సిలికా అయితే రాయి మొండిగా నిలుస్తుంది. సున్నపు జిగురైతే వానలోని ఆమ్లానికి కరుగుతుంది. బంకమట్టి ఎక్కువైతే తడిసినప్పుడల్లా ఉబ్బి, ఆరినప్పుడల్లా ముడుచుకుంటుంది. బయట పెట్టే రాయినీ లోపల చెక్కే రాయినీ ఒకే కొలతతో ఎంచరు. లోపలి పనికి ఉలి బాగా దిగే మెత్తని రాయే శిల్పికి ఇష్టం. షాబ్డన్ పెద్ద కమాను లోపలి పని. దాన్ని తీసుకెళ్లి కొండ మీద పెట్టారు.

రెండో తేడా గోడది. కిల్పెక్‌లో ప్రతి రాతితలకూ వెనక మందపాటి గోడ, పైన చూరు ఉన్నాయి. వాన ఒక వైపునుంచే కొడుతుంది, అదీ ఏటవాలుగా వచ్చినప్పుడే. గోడ లోపలి వైపు పొడిగా ఉంటుంది కాబట్టి తడిసింది ఆరడానికి దారి ఉంది. షాబ్డన్‌లో కమాను ఒక పలచని తెర. ముందూ తడుస్తుంది, వెనకా తడుస్తుంది, అన్నిటికంటే ముఖ్యంగా తలమీద నుంచి తడుస్తుంది. పైవరస రాళ్ల దర్జుల్లోంచి, అంటే అతుకుల సందుల్లోంచి, దిగిన నీరు గోడ నడుములోకి చేరి అక్కడే ఉంటుంది. గోపురాల మీద మొక్కలు పీకే పని చేసినవాళ్లకు ఇది చెప్పనక్కర్లేదు. గోడకు ముఖం మీద పడే వానకంటే తల మీద దిగే వానే ప్రమాదం.

మూడోది పొర. ఇసుకరాయి గనిలో పొరలు పొరలుగా అడ్డంగా పడుకుని ఉంటుంది. గోడలో కూడా అలాగే పడుకోబెడితే పైబరువు పొరలను కలిపి నొక్కుతుంది. కానీ పొడవాటి స్తంభం కావాలంటే అంత మందమైన పొర దొరకదు. కాబట్టి అడ్డంగా తీసిన రాయిని నిలబెడతారు, పొరలు నిలువుగా వస్తాయి. కప్పు కింద ఉన్నంతకాలం దీనివల్ల ఇబ్బంది లేదు. వానలో పెడితే మాత్రం పూతరేకును నిలబెట్టి నీళ్లు పోసినట్టే. నీరు పొరల మధ్యకు దిగుతుంది, గడ్డకట్టినప్పుడు సుమారు తొమ్మిది శాతం పరిమాణం పెరుగుతుంది, బయటి పొర చెక్కడంతో సహా పెచ్చుగా ఊడుతుంది. నిలువు ఫలకాల మీద చెక్కిన శిల్పానికీ ఇదే గండం.

వాన మొత్తం సంగతి మన పాఠకులకు ప్రత్యేకంగా చెప్పాలి. ఇంగ్లండ్ అంటే కుండపోత అనుకుంటాం. నిజానికి వేల్స్ కొండల చాటున ఉన్న హెరెఫర్డ్‌షైర్ మైదానంలో ఏడాదికి పడే వాన హైదరాబాద్‌లో పడేదానికంటే ఎక్కువేమీ కాదు. కానీ మన దగ్గర ఆ నీళ్లు నాలుగైదు నెలల్లో దిగిపోయి, మిగతా కాలమంతా రాయి ఎండుతుంది. అక్కడ జనవరిలోనూ కురుస్తుంది, జులైలోనూ కురుస్తుంది. శీతకాలంలో రాయి ఆరే లోపే మళ్లీ తడుస్తుంది, రాత్రి గడ్డకడుతుంది, పగలు కరుగుతుంది. చుట్టూ చెట్లుంటే గాలి ఆడదు, నాచు పట్టి తేమను పట్టి ఉంచుతుంది. పైగా 19వ శతాబ్దంలో బొగ్గుపొగ గాలిలో గంధకాన్ని నింపింది. రాతి విషయంలో సంవత్సర వర్షపాతం కంటే సంవత్సరంలో ఎన్నిసార్లు తడిసి ఆరింది, ఎన్నిసార్లు గడ్డకట్టి కరిగింది అనేవే అడగాల్సిన ప్రశ్నలు.

ఇవన్నీ కలిపి చూస్తే లూయిస్ బొమ్మలకూ ఇప్పటి స్థితికీ మధ్య ఉన్న అగాధం అర్థమవుతుంది. మొదటి వందేళ్లలో పోయింది తక్కువగా, తర్వాతి నూటడెబ్బై ఏళ్లలో పోయింది ఎక్కువగా కనిపిస్తుంది. లూయిస్ అతిశయాన్ని తీసేసినా ఆ తీరు మారదు. ఇసుకరాయి ఇలాగే పోతుంది. ఉలి దెబ్బ తిన్న పైచర్మం కొంతకాలం గట్టిగా కాచుకుంటుంది. లోపల జిగురు కరిగి డొల్లయ్యాక, చర్మం ఒక్కచోట చిట్లితే చాలు, పక్కనున్నదంతా వేగంగా రాలుతుంది. వందేళ్లు బాగానే ఉందన్న ధీమా అందుకే పనికిరాదు. మన దగ్గర తనిఖీ నివేదికల్లో 'స్థితి నిలకడగా ఉంది' అని ఏళ్ల తరబడి అదే వాక్యం నకలు చేస్తుంటారు. షాబ్డన్ లాంటి రాయి విషయంలో ఆ వాక్యం రాసేముందు చెక్క సుత్తితో తట్టి శబ్దం వినాలి.

ఈ కేసులో నన్ను ఎక్కువగా తొలిచేది ఇంకొకటి. బేట్‌మన్‌లు ఆ రాళ్లను లెక్కచేయకుండా కొత్త చర్చి పునాదిలో పారేసి ఉంటే ఏమయ్యేది? బహుశా ఇప్పటికంటే బాగుండేవి. షాబ్డన్‌కు కొద్ది మైళ్ల దూరంలో ఉన్న లెమ్‌స్టర్ మఠం, 1121లో హెన్రీ రాజు స్థాపించిన రీడింగ్ మఠానికి అనుబంధం. రీడింగ్ మఠాన్ని 16వ శతాబ్దంలో మూసేశాక దాని రాళ్లు చెల్లాచెదురయ్యాయి. వాటిలో కొన్ని చెక్కిన స్తంభశిరస్సులు నేలలో పూడిపోయి, 20వ శతాబ్దంలో బయటపడ్డాయి. ఇప్పుడు రీడింగ్ మ్యూజియంలో ఉన్నాయి, ఉలిగీతలు కనిపిస్తూనే ఉన్నాయి. వాటిని ఎవరూ కాపాడాలనుకోలేదు. మట్టి కప్పేసింది.

మన అమరావతి రాళ్ల కథలో ఈ రెండు దారులూ ఉన్నాయి. స్తూపం సున్నపురాయి పలకలు కొన్ని సున్నపు బట్టీల్లోకి పోయాయి, కొన్ని ఇళ్లలోకీ గుళ్లలోకీ పోయాయి. కంపెనీ అధికారి వాల్టర్ ఇలియట్ 1845లో తవ్వించినవి మద్రాసుకు చేరి అక్కడ ఏళ్ల తరబడి ఆరుబయటే పడున్నాయి. తర్వాత లండన్‌కు ఓడెక్కి, చివరికి బ్రిటిష్ మ్యూజియం గదిలోకి చేరాయి. ఎవరు తీసుకెళ్లారు, తిరిగి ఇవ్వాలా అన్న చర్చ వేరు, అది జరగాల్సిందే. రాతి వైద్యుడిగా నా లెక్క మాత్రం ఒకటే: ప్రతి పలకకూ కప్పు కింద గడిపిన ఏళ్లు ఎన్ని, బయట గడిపిన ఏళ్లు ఎన్ని?

రాళ్లను కదిలించడమే తప్పని నేను అనను. ఎడిన్‌బరోలో ట్రినిటీ కాలేజ్ చర్చిని 1848లో రైల్వే స్టేషన్ కోసం విప్పి, రాళ్లకు నంబర్లు వేసి కాల్టన్ కొండ మీద పేర్చారు. 1872లో మళ్లీ కట్టేసరికి చాలా రాళ్లు ఎవరెవరో ఎత్తుకుపోయారు. మిగిలినవాటితో ఒక్క భాగమే లేచింది. కానీ అది గదిగా లేచింది, కప్పుతో లేచింది. మన దగ్గర శ్రీశైలం జలాశయంలో మునగాల్సిన కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని అలంపురానికి తరలించినప్పుడు గర్భగుడి, మండపం, శిఖరం అన్నీ కలిపి గుడిగానే నిలబెట్టారు. వరంగల్ వేయి స్తంభాల గుడి కల్యాణ మండపాన్ని కేంద్ర పురావస్తు శాఖ 2006లో విప్పింది. మళ్లీ కట్టి 2024లో తెరిచేదాకా పట్టిన కాలాన్ని అందరం విమర్శించాం. కానీ అక్కడ కూడా తిరిగి లేచింది మండపమే, అలంకారం కోసం నిలబెట్టిన నాలుగు స్తంభాలు కాదు. తరలింపులో రాయి తన పనిని కోల్పోకూడదు. షాబ్డన్‌లో కమాను దేన్నీ మోయడం లేదు, ద్వారం ఎక్కడికీ తెరుచుకోవడం లేదు, దాని మీద ఏ కప్పూ నిలబడటం లేదు.

సరే, ఇప్పుడేం చెయ్యాలి? ఇక్కడ పరిరక్షకుల మధ్య ఏకాభిప్రాయం లేదు, ఉండదు కూడా.

ఎందుకంటే ఇప్పుడు అక్కడ ఉన్నవి రెండు కట్టడాలు. ఒకటి 12వ శతాబ్దపు శిల్పం. రెండోది 18వ శతాబ్దపు తోట కట్టడం. దాని వయసూ తక్కువేం కాదు, దానికీ చరిత్ర ఉంది. చెట్ల దారి చివర ఆ మూడు కమానులు కనిపించడమే దాని ప్రాణం. కట్టడాన్ని దాని పరిసరాల నుంచి విడదీయకూడదని కట్టడాల పరిరక్షణకు అంతర్జాతీయంగా రాసుకున్న 1964 వెనిస్ ఒడంబడిక ఏడో అధికరణం చెబుతుంది. అయితే దాన్ని కాపాడటానికి తప్పనిసరి అయితే కదిలించవచ్చని కూడా అదే అధికరణం ఒప్పుకుంటుంది. మొత్తం విప్పి మ్యూజియంలో పెడితే మొదటి కట్టడం బతుకుతుంది, రెండోది చస్తుంది. ఉన్నచోటే ఉంచితే రెండూ నిలుస్తాయి కానీ మొదటిది మొండిరాయిగా నిలుస్తుంది.

గాజు పెట్టె ఒక మార్గం. స్కాట్లండ్‌లో ఫోరెస్ ఊరి దగ్గర ఆరు మీటర్ల పైచిలుకు ఎత్తున్న స్వెనోస్ స్టోన్ అనే ఇసుకరాతి స్తంభానికి అలాంటి గాజు గదే కట్టారు. వానా మంచూ ఆగుతాయి. కానీ గాజు లోపల ఎండకు వేడెక్కి, రాత్రి చల్లబడి చెమ్మ పడితే అదొక కొత్త తలనొప్పి. మూడు కమానుల వెడల్పుకు గాజు గది కట్టాక అది తోట శిథిలంలా కనిపించదు, కార్ల షోరూంలా ఉంటుంది.

ఇథైల్ సిలికేట్ లాంటి ద్రావణాలతో రాయిని గట్టిపరచడం ఇంకో మార్గం. కరిగిపోయిన జిగురు స్థానంలో సిలికా చేరుతుంది. నేను దీనికి వ్యతిరేకిని కాను, ఊడబోతున్న అంచును పట్టి ఉంచడానికి వాడొచ్చు. కానీ తలమీద నుంచి నీరు దిగుతూనే ఉన్న గోడకు పైపైన పూస్తే, గట్టిపడిన చర్మం ఒకటి, తడిసిన లోపలి రాయి ఒకటి తయారవుతాయి. రెండూ వేర్వేరుగా వ్యాకోచిస్తాయి. కొన్నేళ్లకు ఆ చర్మం మొత్తం పలకలా వస్తుంది. వెనక్కి తీసుకోలేని మందు ఇది. నీటిదారి మూయకుండా దీన్ని ముట్టుకోకూడదు.

మూడోది, శిల్పాన్ని లోపలికి తెచ్చి, బయట నకలు పెట్టడం. ఐర్లండ్‌లో క్లాన్‌మక్నాయిస్ దగ్గర రాతి శిలువల విషయంలో చేసింది ఇదే. అసళ్లు పక్కనే ఉన్న ప్రదర్శనశాలలో ఉన్నాయి, వాటి పాత స్థానాల్లో నకళ్లున్నాయి. స్కాట్లండ్‌లోనే రథ్‌వెల్ శిలువ ఇంకా దగ్గరి పోలిక. 17వ శతాబ్దంలో పగలగొట్టిన దాన్ని 1823లో అక్కడి పాస్టరు హెన్రీ డంకన్ ముక్కలు ఏరి తన తోటలో నిలబెట్టాడు. బేట్‌మన్‌ల లాగానే మంచి ఉద్దేశంతో, ఆరుబయటే. కానీ ఆ ఊరివాళ్లు 1887లో దాన్ని చర్చి లోపలికి తెచ్చి, దానికోసం గోడకు ప్రత్యేకంగా ఒక గూడు కట్టారు. ఇప్పటికీ అక్కడే ఉంది, రాతలు చదవొచ్చు.

నా సలహా వీటి మధ్యలో ఉంటుంది. మొత్తం విప్పొద్దు. ముందు మొత్తం కట్టడాన్ని లేజరుతోనూ ఫొటోలతోనూ కొలిచి, కొన్నేళ్ల తర్వాత అదే పద్ధతిలో మళ్లీ కొలవాలి. అరుగుదల వేగం అంకెల్లో తెలియాలి. ఆ కొలత నడుస్తుండగానే తల మీద పని మొదలుపెట్టాలి: పైవరస మీద సీసపు రేకుతో కప్పి, రేకు అంచును శిల్పం దాటి ముందుకు జరిపి, కింద నీటిచుక్క తెగిపడేలా మడవాలి. దర్జుల్లో ఎక్కడైనా గట్టి సిమెంటు ఉంటే చేత్తోనే తీసి, రాయికంటే మెత్తని సున్నపు గార నింపాలి, తేమ రాయిలోంచి కాక దర్జులోంచి బయటికి పోయేలా. కొమ్మలు కొట్టి గాలి ఆడనివ్వాలి. వీటికి పెద్ద ఖర్చు లేదు, చూపుకు తేడా కూడా రాదు, ఎప్పుడైనా తీసేయొచ్చు.

ఆ తర్వాత ఫలకాలు రెండింటినీ, అల్లికలు ఇంకా చదవగలిగిన స్తంభపు రాళ్లనూ మాత్రం లోపలికి తేవాలి. వాటి స్థానంలో కొత్త ఇసుకరాయితో నకలు చెక్కించాలి. ఇందులో నాకూ సహోద్యోగులకూ వాదన వస్తుంది. లూయిస్ బొమ్మల ప్రకారం పూర్తి రూపంలో చెక్కిద్దామని కొందరంటారు. నేను ఒప్పుకోను. అతని గీతలో ఎంత రాయిదో ఎంత ఊహో తేలని చోట దాన్ని కొత్త రాయిలోకి ఎక్కిస్తే, ఇంకో వందేళ్లకు అదే అసలని నమ్ముతారు. ఇప్పటి అరిగిన ఆకారాన్నే స్కాన్ ఆధారంగా చెక్కిస్తే దూరం నుంచి చూపు మారదు, అబద్ధమూ ఉండదు.

తెచ్చినవి ఎక్కడ పెట్టాలి? తెలుపూ నీలమూ పూసిన ఆ కొత్త చర్చి హాలులో పెడితే ఆ గది సమతూకం చెడుతుంది, నాకది ఇష్టం లేదు. పాత చర్చినుంచి ఉన్నచోటే మిగిలిన బురుజు ఉంది కదా. దాని అడుగు గదిలో వెలుతురు తక్కువ, చెమ్మ ఎంతో ముందు ఒక ఏడాది పాటు కొలవాలి, ఫలకాలు తలుపులోంచి పట్టేదీ లేనిదీ కూడా చూడాలి. చెమ్మ అదుపులో ఉంటే, గోడకు ఆనించకుండా, వెనక గాలి ఆడేలా స్టెయిన్‌లెస్ స్టీలు చట్రం మీద నిలబెట్టవచ్చు. కుదరకపోతే హెరెఫర్డ్ పట్నంలోని మ్యూజియం రెండో ఎంపిక. అలాగైతే షాబ్డన్ వాళ్లు ఒప్పుకోవాలి, దానికి స్కానింగ్ కంటే ఎక్కువ కాలం పడుతుంది.